పానిపట్టు చెప్పారు సరే, దామలచెరువు ఎప్పుడు చెబుతారు?

ఉమ్మడి చిత్తూరు జిల్లా హైస్కూళ్లలో సోషల్ చెప్పే టీచర్లందరికీ,

నమస్కారం.

నేను టీచర్ని కాను. పాకాల పక్కన ఒక మామిడి మండీలో లెక్కలు రాసుకునేవాణ్ని. మే నుంచి జులై దాకా తల ఎత్తే తీరిక ఉండదు. మిగతా కాలంలో చేతికి దొరికిన చరిత్ర పుస్తకమల్లా చదువుతాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో ఆమెకిచ్చిన బిట్ల కాగితం చూశాక ఈ ఉత్తరం రాయాలనిపించింది. ప్రపంచ చరిత్రలో ముఖ్యమైన యుద్ధాలు, సంవత్సరాలు, గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు అన్నీ వరసగా ఉన్నాయి. అమ్మాయి తడుముకోకుండా అప్పజెప్పింది. ప్లాసీ 1757, సారటోగా 1777, వాటర్లూ 1815. "ఇందులో మన పక్క జరిగింది ఏమైనా ఉందామ్మా?" అని అడిగితే, "మన పక్క ఏం జరుగుతుంది నాన్నా, ఇది ప్రపంచ చరిత్ర కదా" అంది.

తప్పు పిల్లది కాదు. మీదే అని కూడా అనలేను. సిలబస్ లాగాలి, యాప్‌లో హాజరు వేయాలి, మధ్యాహ్న భోజనం ఫోటోలు ఎక్కించాలి, మధ్యలో ఏ సర్వే వస్తే ఆ సర్వేకి పోవాలి. ఇన్ని పనుల మధ్య బిట్లు అప్పజెప్పించుకోవడం కంటే ఏం చేయగలరు అని నాకే అనిపిస్తుంది. అయినా అడుగుతున్నాను. ఎందుకంటే ఆ కాగితంలో ఉన్న పేర్లలో సగం మన కొండల మీదుగా నడిచి పోయినవే.

మ్యాపు ఒకసారి చూడండి. పడమర మైసూరు పీఠభూమి, తూర్పున ఆర్కాటు, మద్రాసు మైదానం. మధ్యలో మన కొండలు. ఫిరంగి బండ్లు, ఎద్దులు, వేలమంది మనుషులు పైనుంచి కిందికి దిగాలన్నా, కిందినుంచి పైకెక్కాలన్నా కొన్ని కనుమలే దారి. ఆ కనుమల్లో కొన్ని మన జిల్లాలో ఉన్నాయి. రాజులకు మన మీద ప్రేమా లేదు, పగా లేదు. దారి ఇటు ఉంది కాబట్టి వచ్చారు.

నాకు బాగా తెలిసిన దామలచెరువుతో మొదలుపెడతాను. బేనీషా, తోతాపురి లారీలకెత్తే ఊరుగానే దాని పేరు. 1740లో మరాఠా సేనాని రఘోజీ భోంస్లే పెద్ద సేనతో కర్ణాటకం, అంటే ఆర్కాటు నవాబు ఏలే సీమ మీదికి వచ్చాడు. ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఉన్న కొద్దిపాటి బలగంతో దామలచెరువు కనుమ దగ్గర కాపు కాశాడు. మరాఠాలు ఆయన చూస్తున్న వైపు నుంచి రాలేదు. ఇంకో దారిన కొండ దిగి, చుట్టు తిరిగి వెనకనుంచి పడ్డారు. మే 20న నవాబు, ఆయన కొడుకు ఒకడు ఇక్కడే చనిపోయారు. మామిడి సీజన్ మధ్యలో వచ్చే రోజు అది. లారీల హారన్ల మధ్య ఆ సంగతి గుర్తొచ్చేది నాలాంటి పనిలేనివాడికే అనుకోండి.

ఇంతవరకే అయితే స్థానిక చరిత్ర అని ఊరుకోవచ్చు. తర్వాత జరిగింది చూడండి. నవాబు ఇంటి ఆడవాళ్లు, పిల్లలు పారిపోయి పాండిచ్చేరిలో ఫ్రెంచివాళ్ల దగ్గర తలదాచుకున్నారు. గవర్నర్ డ్యూమా వాళ్లను మరాఠాలకు అప్పగించనన్నాడు. అప్పటిదాకా బట్టల వ్యాపారం చేసుకునే ఫ్రెంచివాళ్లకు దర్బారుల్లో ఒక్కసారిగా పరువు పెరిగింది. నవాబు అల్లుడు చందా సాహెబును మరుసటి ఏడు మరాఠాలు తిరుచిరాపల్లిలో పట్టుకుని సతారాకు తీసుకుపోయారు. ఏళ్ల తర్వాత ఆయన విడుదలై వచ్చేసరికి పాండిచ్చేరిలో ఫ్రెంచి గవర్నర్ డూప్లే కాచుకుని ఉన్నాడు. ఆర్కాటు గద్దె కోసం ఒకరి వెనక ఫ్రెంచివాళ్లు, ఇంకొకరి వెనక ఇంగ్లీషువాళ్లు నిలబడ్డారు. 1749లో ఆంబూరు దగ్గర అప్పటి నవాబు అన్వరుద్దీన్ యుద్ధంలో చనిపోయాడు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీలో గుమాస్తాగా చేరిన క్లైవ్ 1751లో ఆర్కాటు కోటను పట్టుకుని ముట్టడిని తట్టుకున్నాడు. ఆరేళ్లకు అదే క్లైవ్ మద్రాసు నుంచి సిపాయిలను తీసుకుపోయి ప్లాసీలో గెలిచాడు.

దామలచెరువు జరగకపోతే ప్లాసీ జరిగేది కాదని నేననడం లేదు. చరిత్రలో అంత తేలిగ్గా ముడిపెట్టకూడదని నాకూ తెలుసు. కానీ ఆర్కాటు నవాబుల బలహీనత మొదట బయటపడింది ఇక్కడే. అది యూరప్ వాళ్ల కంటబడింది.

అదే 1740 అక్టోబరులో, ఇక్కడికి వేలమైళ్ల అవతల వియన్నాలో ఆరో చార్లెస్ చక్రవర్తి చనిపోయాడు. మగపిల్లలు లేరు. కూతురు మారియా థెరీసాకు గద్దె దక్కకూడదని చుట్టుపక్కల రాజులు లేచారు. డిసెంబరులో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సైలీషియా మీద పడ్డాడు. ఆ ఆస్ట్రియా వారసత్వ యుద్ధంలోకి ఫ్రాన్స్, బ్రిటన్ దిగాయి. ఆ మంట మన తీరానికీ అంటుకుని 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నారు. 1748లో సంధి చేసుకున్నప్పుడు మద్రాసును తిరిగి ఇచ్చేశారు. దానికి బదులుగా ఏం తీసుకున్నారో తెలుసా? ఇప్పటి కెనడా తీరంలోని లూయిస్‌బర్గ్ కోట. ఈ ఒక్క మాట క్లాసులో చెప్పి చూడండి. వెనక బెంచీ వాడు కూడా తల ఎత్తుతాడు.

తిరుపతి పిల్లలకైతే ఇంకో సంగతి చెప్పొచ్చు. ఆ యుద్ధాలకు డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది? ఇంగ్లీషువాళ్లు నిలబెట్టిన నవాబు మహమ్మద్ అలీ వాళ్లకు పీకలదాకా బాకీపడ్డాడు. ఆ బాకీ కింద కంపెనీకి రాసిచ్చిన ఆదాయాల్లో తిరుమల గుడి ఆదాయం కూడా ఉంది. కొండెక్కి భక్తులు వేసిన ముడుపులు లండన్, పారిస్ తగాదాలో ఖర్చయ్యాయి. బ్రహ్మోత్సవాలకు డ్యూటీలు చేసే స్కౌట్ పిల్లలకు కూడా ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇక హైదర్ అలీ. నా ఉద్దేశంలో మన జిల్లాకు, ప్రపంచ చరిత్రకు ఉన్న పెద్ద ముడి ఇదే.

బోస్టన్ రేవులో 1773 డిసెంబరులో నీళ్లలో పారేసిన టీ మన ఈస్టిండియా కంపెనీదే. అమెరికా వాళ్ల తిరుగుబాటు 1775లో యుద్ధమైంది. 1777 అక్టోబరులో సారటోగాలో బ్రిటిష్ సైన్యం లొంగిపోయాక, గెలిచేది అమెరికా పక్షమే అన్న నమ్మకం ఫ్రాన్సుకు కుదిరింది. 1778 ఫిబ్రవరిలో అమెరికాతో ఒప్పందం చేసుకుంది. దాంతో బ్రిటన్, ఫ్రాన్స్ మళ్లీ శత్రువులు. ఆ వార్త అందగానే ఇక్కడి ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచి స్థావరాలన్నిటి మీదా పడ్డారు. చంద్రనగర్ పోయింది, 1778 అక్టోబరులో పాండిచ్చేరి పోయింది. 1779 మార్చిలో మలబారు తీరంలోని మాహే పోయింది. మాహే హైదర్ అలీ రక్షణలో ఉన్న రేవు, ఆయనకు ఆయుధాలు దిగే దారి. వద్దని ముందే చెప్పాడు, వినలేదు. అంతకుముందు 1769లో కష్టమొస్తే ఒకరికొకరు సాయం చేసుకుందామని రాసుకున్న ఒప్పందాన్ని, మరాఠాలు మీదపడినప్పుడు ఇంగ్లీషువాళ్లు గాలికొదిలేశారన్న కోపం ఆయనకు ఎటూ ఉంది.

1780 జులైలో హైదర్ కనుమలు దిగాడు. గుంటూరు నుంచి కర్నల్ బెయిలీ దళం మద్రాసు వైపు బయల్దేరింది. దారిలో కొసస్తలై నది పొంగి వాళ్లను ఆగస్టు చివర్లో కొన్నాళ్లు కట్టిపడేసింది. మన నగరి ఏటి నీళ్లు పోయి కలిసేది ఆ నదిలోనే. బెయిలీ ఏరు దాటి, కాంచీపురం దగ్గర పొల్లిలూరు చేరేసరికి హైదర్, టిప్పు సిద్ధంగా ఉన్నారు. సెప్టెంబర్ 10న సుమారు 3,800 మంది దళం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. అందులో ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. మైసూరు రాకెట్లు, ఫిరంగులు కురుస్తుంటే మందుగుండు బండ్లు పేలిపోయాయి. కొద్ది మైళ్ల దూరంలో కాంచీపురంలో ఉన్న జనరల్ మన్రో సాయానికి రాలేదు. పెద్ద ఫిరంగులను గుడి కోనేట్లో పడేసి మద్రాసు దారి పట్టాడు. బక్సారులో గెలిచిన మన్రో ఈయనే, అదీ మీ బిట్లలో ఉంటుంది.

ఆ తర్వాత రెండేళ్లు యుద్ధం మన చుట్టూనే తిరిగింది. షోలింగర్ దగ్గర 1781 సెప్టెంబర్‌లో ఇంగ్లీషు జనరల్ ఐర్ కూట్ గెలిచాడు. ఆ ఏడాది చివర్లో చిత్తూరు కోటను పట్టుకున్నాడు, మళ్లీ పోగొట్టుకున్నాడు. సముద్రం మీద ఫ్రెంచి నావికాధిపతి సఫ్రన్ ఇంగ్లీషు నౌకాదళంతో వరసగా తలపడ్డాడు. 1782లో కడలూరు దగ్గర హైదర్‌ను కలిశాడు. అదే 1782 ఏప్రిల్‌లో అమెరికాలో డెలావేర్ అఖాతంలో పెన్సిల్వేనియా వాళ్ల చిన్న ఓడ ఒకటి తనకంటే బలమైన బ్రిటిష్ ఓడ జనరల్ మాంక్‌ను పట్టుకుంది. ఆ చిన్న ఓడ పేరు హైదర్ అలీ. బ్రిటన్‌ను ఓడించిన రాజు ఎక్కడో ఉన్నాడని విని, చూడని మనిషి పేరును ఓడకు పెట్టుకున్నారు వాళ్లు. మన పిల్లలకు జార్జి వాషింగ్టన్ తెలుసు. వాషింగ్టన్ కాలపు అమెరికా వాళ్లకు హైదర్ తెలుసు. తన గుడారం చిత్తూరు దగ్గర వేసుకున్న ఆ హైదర్ మన పిల్లలకు తెలియదు.

అవును, చిత్తూరు దగ్గరే. 1782 చివర్లో వీపు మీద రాచపుండు ముదిరి, డిసెంబర్ 7న నరసింగరాయనిపేట శిబిరంలో హైదర్ చనిపోయాడు. పారిస్‌లో బ్రిటన్, అమెరికా తొలి సంధి పత్రం మీద సంతకాలు పెట్టి సరిగ్గా వారం. ఆ సంగతి ఇక్కడెవరికీ తెలియదు, తెలియడానికి నెలలు పడుతుంది.

శిబిరంలో ఆ రాత్రి ఏం చేశారో పిల్లలకు కథగా చెప్పొచ్చు. పెద్ద కొడుకు టిప్పు మలబారు తీరంలో యుద్ధంలో ఉన్నాడు. రాజు పోయాడని తెలిస్తే సైన్యం చెదిరిపోతుంది, దాయాదులు లేస్తారు, ఇంగ్లీషువాళ్లు మీదపడతారు. మంత్రులు పూర్ణయ్య, కృష్ణారావు చావు కబురు బయటికి పొక్కనివ్వలేదు. శవాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా తీసుకుపోతున్నట్టు కాపలా పెట్టి కోలారుకు పంపారు. తర్వాత అక్కణ్నుంచి శ్రీరంగపట్నానికి మార్చారు. శిబిరంలో పనులన్నీ రోజూలాగే నడిపించారు. కుట్ర చేయబోయినవాళ్లను అణిచారు. టిప్పు పరుగు మీద వచ్చి బాధ్యత తీసుకున్నాడు. మద్రాసులో జనరల్ స్టువర్ట్‌కు కబురు అందినా కదలడానికి ఆలస్యం చేశాడు. కంపెనీకి దొరికిన మంచి అవకాశం చిత్తూరు దగ్గర చేజారింది. యుద్ధం ఇంకో ఏడాదికి పైగా సాగి 1784 మార్చిలో మంగళూరు సంధితో ఆగింది.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో చివరి పెద్ద పోరాటాలు అమెరికాలో జరగలేదు. 1783 జూన్‌లో కడలూరు దగ్గర నేల మీదా, నీళ్ల మీదా ఫ్రెంచి, ఇంగ్లీషు వాళ్లు కొట్టుకున్నారు. యూరప్‌లో శాంతి కుదిరిందన్న కబురు ఆ నెలాఖరుకు ఓడలో వచ్చాక మానుకున్నారు.

ఇప్పుడు మొగిలి ఘాటుకు వస్తాను. చిత్తూరు నుంచి పలమనేరు బస్సెక్కిన ప్రతి ఒక్కరికీ ఆ మలుపులు తెలుసు. 1781 అక్టోబర్‌లో అమెరికాలోని యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్‌కు సైన్యంతో సహా లొంగిపోయిన ఇంగ్లీషు జనరల్ కార్న్‌వాలిస్ గుర్తున్నాడు కదా. అంత అవమానం తర్వాత ఇంట్లో కూర్చోలేదు. 1786లో గవర్నర్ జనరల్‌గా ఇక్కడికి వచ్చాడు. శాశ్వత శిస్తు విధానం ఆయనదే, అది మీరు చెబుతారు. టిప్పుతో మూడో యుద్ధంలో 1791 ఫిబ్రవరిలో వేలూరు నుంచి ఆంబూరు వైపు పోతున్నట్టు కనిపించి, టిప్పు అటు చూస్తుండగా సైన్యాన్ని ఉత్తరానికి తిప్పాడు. చిత్తూరు మీదుగా మొగిలి కనుమ ఎక్కి పలమనేరు చేరాడు. ఎదురు నిలిచినవాడు లేడు. మార్చిలో బెంగళూరు కోట పడిపోయింది. మరుసటి ఏడు టిప్పు సగం రాజ్యం, ఇద్దరు కొడుకులను బందీలుగా ఇచ్చుకోవలసి వచ్చింది. యార్క్‌టౌన్‌లో పోయిన పరువును కార్న్‌వాలిస్ మన ఘాటు రోడ్డు ఎక్కి వెనక్కి తెచ్చుకున్నాడు. ఇది చెబితే రెండు పాఠాలు ఒకే బస్సులో ఎక్కించినట్టు ఉంటుంది.

1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు కంపెనీ పక్షాన ఉన్న కర్నల్ ఆర్థర్ వెల్లెస్లీయే పదహారేళ్లకు వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించాడు. అక్కడ దొరికిన మైసూరు రాకెట్లను ఇంగ్లండ్ తీసుకుపోయారు. వాటిని చూసి విలియం కాంగ్రీవ్ తన రాకెట్లు తయారుచేశాడు. అవి 1807లో కోపెన్‌హాగన్ మీద, 1814లో అమెరికాలోని బాల్టిమోర్ కోట మీద కురిశాయి. 2022లో జిల్లాలు మార్చినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పిల్లలను ప్రయోగం చూపించడానికి బస్సుల్లో తీసుకుపోతున్నారు, సంతోషం. పోయే దారిలో బస్సులో చెప్పడానికి ఈ కథ సరిపోతుంది.

ఒక టీచర్ గారితో ఈ మాటలు అంటే, "హైదర్, టిప్పు పేర్లెత్తితే వాట్సాప్‌లో గొడవలొస్తాయి, ఎందుకొచ్చిన టెన్షన్" అన్నారు. ఆయన భయం అర్థమైంది. కానీ నేను అడిగేది పొగడమనీ కాదు, తిట్టమనీ కాదు. హైదర్ దండు 1780లో కర్ణాటకం దిగినప్పుడు ఇంగ్లీషువాళ్లకు తిండిగింజ, గడ్డిపోచ దొరక్కూడదని ఊళ్లు తగలబెట్టింది. ఊళ్లో వాళ్లు పశువులను తోలుకుని పారిపోయారు. 1782లో మద్రాసును కరువు పీడించింది. ఆ నష్టం మన ముందు తరాల రైతులదే. అదీ చెప్పండి. ఆయన చావును దాచి, కొడుక్కి రాజ్యం నిలబెట్టింది పూర్ణయ్య అనీ చెప్పండి. ఇంగ్లీషువాళ్లు ఒప్పందం తప్పారనీ చెప్పండి. మొత్తం చెప్పినచోట గొడవ తక్కువ. ఒక ముక్క చెప్పి ఇంకో ముక్క దాచినప్పుడే పిల్లలు ఇంటికి పోయి ఫోన్‌లో ఇంకేదో చూస్తారు.

పుస్తకం మార్చమని అడగడం లేదు. అది మీ చేతుల్లో లేదు. అమెరికా స్వాతంత్ర్యం వచ్చినప్పుడు నరసింగరాయనిపేట అని బోర్డు మీద రాయండి. ప్లాసీ చెప్పేముందు దామలచెరువుతో మొదలుపెట్టండి. పది నిమిషాల పని. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ప్రపంచ పటం, జిల్లా పటం పక్కపక్కన పెట్టి ఒక గీత గీయమనండి. పరీక్షలో రాదు కదా అంటారా? మీ స్కూలు క్విజ్‌లో ప్రశ్న పెట్టేది మీరే కదా.

ఇంకో విన్నపం. విహారయాత్ర అంటే ప్రతి స్కూలూ చంద్రగిరి కోటకే పోతుంది. పోవాల్సిందే. మద్రాసు కోట కట్టుకోవడానికి 1639లో ఇంగ్లీషువాళ్లకు అనుమతి దొరికిన కాలంలో విజయనగరం చివరి రాజుల రాజధాని ఆ చుట్టుపక్కలే. కానీ అక్కడ రాజమహల్ ముందు గ్రూప్ ఫోటో తీసుకుని, జూకి పోయి, సాయంత్రానికి తిరిగొచ్చేస్తున్నారు. ఒక్క ఏడాది బస్సును చిత్తూరు మీదుగా మొగిలి ఘాటు ఎక్కించండి. తిరుగుదారిలో దామలచెరువులో దించండి. కనుమ ఎటు, మరాఠాలు ఎటునుంచి దిగి ఉంటారు అని పిల్లలనే ఊహించమనండి, తర్వాత మీరు సరిదిద్దండి. అక్కడ చూడ్డానికి కోట, మ్యూజియం ఉండవు. కొండలు, రోడ్డు, మండీలు ఉంటాయి. అందుకే టీచర్ కావాలి.

మీరు వచ్చేటట్టయితే సీజన్‌లో మాత్రం రావద్దు. మే, జూన్‌లో లారీలతో రోడ్డు నిండిపోతుంది, పిల్లలను రోడ్డు దాటించలేరు. జనవరి, ఫిబ్రవరి మంచిది. ఎండ ఉండదు, చెట్లు పూతమీద ఉంటాయి, మండీలు ఖాళీగా ఉంటాయి. నీడకు మా షెడ్డు ఉంది, వంద మంది పిల్లలు కూర్చుని అన్నం తినొచ్చు. నీళ్లకు, మజ్జిగకు మా ఓనర్ గారిని ఒప్పించే పని నాది.

ఇట్లు,
తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి తండ్రి,
దామలచెరువు